వినేదాని చెవి

కప్పల తక్కెడ అంటే మీకు సామెత.
నాకు జీతం.
ముప్పై నాలుగేళ్లు
తడి గుడ్డతో పట్టి, తూచి,
ముక్కు కొస నుంచి మలద్వారం దాకా మిల్లీమీటర్లలో రాసుకుని
మళ్లీ నీళ్లలోకి వదిలాను.
మొదట్లో వదల్లేదు. అదీ చెప్పాలి.

ఎనభై ఆరులో, తిరుపతిలో, జువాలజీ వెనక వరండాలో
రెడ్డెప్ప గోనెసంచి దించేవాడు.
పుంగనూరు చెరువుల కింద రాత్రంతా పట్టినవి,
జత రూపాయిన్నర.
సంచి దానంతటదే ఊపిరి పీల్చేది.
నేను ఆడవాటిని ఏరి,
వేరే కప్పల తలల్లోంచి తీసిన గ్రంథి రసం సూదితో ఎక్కించి,
తెల్లారేసరికి గుడ్లు పెట్టించేదాన్ని.
వాన లేదు, పిలుపు లేదు, వీపు మీద తోడు లేడు.
థీసిస్, నూట పన్నెండో పేజీ:
"ఫలితం సంతృప్తికరం."

తర్వాత కోతలు ఆగిపోయాయి. సంచుల బేరం పోయింది.
రెడ్డెప్ప వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.
"పట్టేదొకటే తెలుసు మేడమ్."
టార్చి చేతికిచ్చాను.

కరకంబాడి దారిలో పాడుబడ్డ కంకర గుంట.
పది నెలలు అందులో లారీ టైరు, కంప, మేక పెంటికలు.
శేషాచలం మీద మెరిసి
ఒక్క సాయంత్రం కొండవాన కిందికి దిగితే చాలు,
మట్టి అడుగున ముద్దలై పడున్నవి
నేల చీల్చుకుని లేచేవి.
మూడు రాత్రులు. ఏడాది కాపురమంతా ఆ మూడింటిలోనే.
కొండమీదికి బస్సులు పోతూ ఉండేవి,
మేము మోకాటి లోతులో టేప్ రికార్డరు నెత్తిన పెట్టుకుని.
తెల్లారి టీకొట్టాయన నా తడి జుట్టు చూసి
"దర్శనం బాగా అయిందామ్మా?" అనేవాడు.
అయిందనేదాన్ని.

ఒక రాత్రి రెడ్డెప్ప బీడీ ఆర్పి అన్నాడు:
"అరిసేది మొగది మేడమ్. ఎంచుకునేది ఆడది.
అది నోరే తెరవదు.
మీరేమో అరిసేదాన్నే టేపులో పడతా ఉండారు."

పదిహేడు పేపర్లు అచ్చయ్యాయి అప్పటికి నావి,
అన్నీ గొంతుల గురించే.

ఆ తర్వాత పదకొండేళ్లు చీకటి గదిలో గడిచాయి.
తొట్టికి ఈ కొసన ఒక స్పీకరు, ఆ కొసన ఒకటి,
నడుమ ఒక ఆడ కప్ప.
కదలదు. గొంతు కింద చర్మం మాత్రం కొట్టుకుంటూ ఉంటుంది.
నాకు కాళ్లు తిమ్మిరెక్కుతాయి.
అప్పుడు ఎటో ఒకవైపు గెంతుతుంది.
లక్షల ఏళ్లు ఆ గెంతు ఎటు పడితే
జాతి అటు నడిచింది.
ఈ ఒక్క వాక్యం రాయడానికి
ఎన్ని సూదులు గుచ్చానో నా చేతులకు తెలుసు.

ఒక ఏడు వాన మొహం చాటేసింది.
గుంట మీదికి వంగిన తుమ్మకొమ్మకు
చెట్టుకప్ప వెనక్కాళ్లతో గిలక్కొట్టి పెట్టుకున్న నురగ గూడు
ఎండి అప్పడమైంది. లోపల తోకలు.
కింద నీళ్లుంటాయని నమ్మి పెట్టిన గూడు.
లెక్కపెట్టడం నా పని. లెక్కపెడుతున్నాను.
రెడ్డెప్ప బిందెతో వచ్చి గుమ్మరించాడు.
"లెక్క చెడిందా మేడమ్?"
చెడింది.
ఆ ఏటి పట్టికలో ఒక గడి ఖాళీ.
పక్కన చుక్క గుర్తు, అడుగున చిన్న అక్షరాల్లో:
పరిశీలకుల జోక్యం.
నా రాతలన్నిటిలో నేను మళ్లీ మళ్లీ చదువుకునేది అదే.

గుంట ఇప్పుడు లేదు. తెల్లరాళ్లు, ప్లాట్లు, డాబాలు.
నేను రిటైరై రెండేళ్లు.
మొన్న తొలివాన రాత్రి ఒంటిగంటకు ఫోను.
ఎవరో, నా నంబరు ఎవరిచ్చారో.
"కప్పల మేడమేనా? ఒకటే గోల, నిద్ర లేదు,
ఏం మందు చల్లాలి?"
"మూడు రాత్రులు ఓర్చుకోండి" అన్నాను.
అని, దీపం వేసి,
"ఏ వీధి? కాలువ వైపా? ఎన్ని గొంతులు వినిపిస్తున్నాయి?
కొంచెం కిటికీ తెరవండి" అంటూ
పెన్ను వెతుక్కున్నాను.